హార్మోన్లు, నెలసరి, మనసు: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు

పీరియడ్స్ ముందు ఏడుపెందుకు వస్తుంది, పీసీఓఎస్‌కీ (అండం వేళకు విడుదల కాక, మగ హార్మోన్లు పెరిగే అండాశయ సమస్య) దిగులుకీ సంబంధముందా, కాన్పయ్యాక మనసెందుకు కుదుటపడదు, నలభై దాటాక నిద్రెందుకు పోతుంది? అడిగేవాళ్లు మారుతున్నారు గానీ ప్రశ్నలు అవే. అందుకే అన్నీ ఒకచోట చేర్చాను. మీ వయసుకీ మీ పరిస్థితికీ తగ్గ భాగం చూసుకుని అక్కడి నుంచే చదువుకోవచ్చు. ఇది చదివి మందులు సొంతంగా మొదలుపెట్టడం గానీ ఆపేయడం గానీ చేయకండి.

## ముందుగా తెలియాల్సినవి

హార్మోన్లు నిజంగా మనసు మీద పనిచేస్తాయా? లేక ఆడవాళ్ల మాట కొట్టిపారేయడానికి చెప్పే సాకా?

పనిచేస్తాయి. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ తయారయ్యేది ప్రధానంగా అండాశయాల్లోనే అయినా, వాటిని అందుకునే గ్రాహకాలు మెదడులో కూడా ఉన్నాయి. జ్ఞాపకశక్తిని, భయాన్ని, భావోద్వేగాలను నడిపే భాగాల్లో అవి ఎక్కువ. ఈస్ట్రోజెన్ హెచ్చుతగ్గులు మూడ్‌ను నడిపే సెరటోనిన్ అనే మెదడు రసాయనం పనితీరును మారుస్తాయి. ప్రొజెస్టెరాన్ నుంచి అల్లోప్రెగ్ననలోన్ అనే పదార్థం తయారవుతుంది. మెదడును శాంతపరిచే గాబా వ్యవస్థ మీద దాని ప్రభావం పడుతుంది.

సాకుగా వాడటం కూడా జరుగుతోంది. "అంతా హార్మోన్లే, అదే సర్దుకుంటుంది" అని చెప్పి ఇంటికి పంపేయడం నాకు చాలా బాధ కలిగించే విషయం. షుగర్ జబ్బు కూడా ఇన్సులిన్ అనే హార్మోన్‌కు సంబంధించినదే. దాన్ని ఓర్చుకోమని ఎవరూ అనరు. కారణం హార్మోన్లని తేలితే చికిత్సకు దారి దొరికినట్టే.

హార్మోన్ల పరీక్షలన్నీ నార్మల్ అని వచ్చాయి. మరి నాకీ బాధ ఎందుకు?

చాలామంది విషయంలో తేడా హార్మోన్ ఎంత ఉందన్న దగ్గర ఉండదు. దాని మార్పుకు మెదడు ఎలా స్పందిస్తుందన్న దగ్గర ఉంటుంది. 1998లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో పీటర్ ష్మిట్, డేవిడ్ రూబినో బృందం దీన్ని నేరుగా పరీక్షించింది. నెలసరి ముందు తీవ్రంగా బాధపడే కొందరికి అండాశయాల పనిని మందుతో తాత్కాలికంగా ఆపారు. వారిలో సగం మందికి పైగా బాధ తగ్గింది. అలా తగ్గినవాళ్లకు తిరిగి ఈస్ట్రోజెన్ గానీ ప్రొజెస్టెరాన్ గానీ మామూలు మోతాదులో ఇస్తే లక్షణాలు మళ్లీ వచ్చాయి. అంతకుముందు ఏ ఇబ్బందీ లేని ఆడవాళ్లకు అవే హార్మోన్లు అలాగే ఇచ్చినా ఏమీ కాలేదు.

అంటే రిపోర్టు నార్మల్‌గా ఉండటం, మీ బాధ నిజమవడం రెండూ ఒకేసారి సాధ్యమే. ఇలాంటి చోట ఒక్క రక్తపరీక్ష కంటే రెండు నెలలు తేదీలవారీగా లక్షణాలు రాసుకున్న లెక్క ఎక్కువ చెబుతుంది.

ఏ హార్మోన్ పరీక్ష ఏ రోజు చేయించుకోవాలి?

మెదడు నుంచి వచ్చి అండాశయాలను నడిపే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ హార్మోన్లు, ఈస్ట్రోజెన్‌లో ముఖ్య రకమైన ఈస్ట్రడయోల్ పరీక్షలు సాధారణంగా పీరియడ్ మొదలైన 2వ రోజు నుంచి 5వ రోజు మధ్య చేస్తారు. అండం విడుదలైందో లేదో తెలుసుకునే ప్రొజెస్టెరాన్ పరీక్ష మాత్రం వచ్చే పీరియడ్‌కు సుమారు 7 రోజుల ముందు చేయాలి. పీరియడ్ మొదలైన రోజు నుంచి లెక్కిస్తే, 28 రోజులకోసారి వచ్చేవాళ్లకు అది 21వ రోజు. 35 రోజులకోసారి వచ్చేవాళ్లకు 28వ రోజు. వీళ్లు కూడా 21వ రోజే చేయించుకుని "అండం విడుదల కాలేదట" అని దిగులుపడటం తరచూ జరిగే పొరపాటు.

థైరాయిడ్ పనితీరు చూపే టీఎస్‌హెచ్ ఏ రోజైనా చేయించుకోవచ్చు. కానీ జుట్టు, గోళ్ల కోసం వాడే బయోటిన్ మాత్రలు కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో థైరాయిడ్ ఫలితాన్ని తప్పుగా చూపిస్తాయి కాబట్టి వాడుతుంటే ముందే చెప్పండి. సూది భయం, ఒత్తిడి ఉన్నా పాలు తయారుచేయించే ప్రొలాక్టిన్ హార్మోన్ కొంచెం పెరుగుతుంది. స్వల్పంగా ఎక్కువొస్తే మరోసారి చూడాలి. గర్భనిరోధక మాత్రలు వాడుతుండగా అండాశయ హార్మోన్లు కొలిస్తే మీ సహజ స్థితి తెలియదు.

చీటీ మీద "హార్మోనల్ ఇంబ్యాలెన్స్" అని రాశారు. అది జబ్బు పేరా?

కాదు. ఏ హార్మోన్, ఎక్కువా తక్కువా, దేనివల్ల అన్న మూడు ప్రశ్నలు అడగండి. వాటికి జవాబు దొరికితేనే చికిత్స మొదలవుతుంది.

## మొదటి నెలసరి, టీనేజ్

మా అమ్మాయికి మొదటి పీరియడ్ వచ్చి ఏడాదిన్నర అయింది. నలభై రోజులకోసారి వస్తోంది. పీసీఓఎస్సా?

ఆ ఒక్కదాన్నిబట్టి చెప్పలేం. మొదటి రెండు మూడేళ్లలో మెదడుకీ అండాశయాలకీ మధ్య సంకేతాలు ఇంకా కుదురుకుంటూ ఉంటాయి. చాలా నెలల్లో అండమే విడుదల కాదు. మొదటి ఏడాది దాటాక మూడో ఏడాది వరకు 21 నుంచి 45 రోజుల వ్యవధి మామూలే. ఆ తర్వాత 21 నుంచి 35 రోజుల మధ్యకు రావాలి. ఏడాది దాటాక ఏ ఒక్కసారైనా 90 రోజులకు మించి గ్యాప్ వస్తే చూపించండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. మొదటి పీరియడ్ వచ్చిన 8 ఏళ్లలోపు అమ్మాయిలకు స్కానింగ్‌ను బట్టి పీసీఓఎస్ నిర్ధారించవద్దని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ వయసులో ఆరోగ్యంగా ఉన్న అమ్మాయిల అండాశయాల్లో కూడా చిన్న చిన్న బుడగలు చాలా కనిపిస్తాయి. పదిహేనేళ్ల పిల్లకు ఆ ముద్ర వేస్తే తన శరీరం గురించి ఏళ్లతరబడి భయపడుతుంది. తొందరపడకండి.

ఏ వయసుకి పీరియడ్స్ రాకపోతే డాక్టరుకు చూపించాలి?

15 ఏళ్లు వచ్చినా మొదలవకపోతే, 13 ఏళ్లకు కూడా రొమ్ముల ఎదుగుదల కనిపించకపోతే చూపించాలి. 8 ఏళ్లలోపే ఎదుగుదల మొదలైనా చూపించాలి.

ఊరికే కోప్పడుతోంది, ఏడుస్తోంది. వయసు ప్రభావమా, డిప్రెషనా?

యుక్తవయసు రాకముందు డిప్రెషన్ అబ్బాయిల్లో, అమ్మాయిల్లో దాదాపు సమానంగా ఉంటుంది. తర్వాత అమ్మాయిల్లో సుమారు రెండింతలవుతుంది. హార్మోన్లు ఒక కారణమే. శరీరం మీద వచ్చే వ్యాఖ్యలు, చదువు ఒత్తిడి, వేధింపులు కూడా దాంట్లో భాగమే. కోపం వచ్చి పోతుంటే వయసు ప్రభావం అనుకోవచ్చు. రెండు వారాలకు పైగా దాదాపు రోజూ దిగులుగా ఉండటం, ఇష్టమైనవన్నీ వదిలేయడం, నిద్ర, తిండి బాగా మారిపోవడం కనిపిస్తే మానసిక వైద్యుల్ని కలవండి. చేతుల మీద గాట్లు కనిపించినా, చచ్చిపోవాలనుందని అన్నా రెండు వారాలు ఆగొద్దు. ఆ రోజే మాట్లాడండి, ఆ రోజే తీసుకెళ్లండి.

బాగా బరువు తగ్గాను, వ్యాయామం ఎక్కువ చేస్తున్నాను. మూడు నెలలుగా పీరియడ్స్ లేవు. పోనీలే అనుకోవచ్చా?

అనుకోకూడదు. శరీరానికి చాలినంత శక్తి అందనప్పుడు మెదడులోని హైపోథాలమస్ తన సంకేతాలను తగ్గించేస్తుంది. దాంతో అండాశయాలు నెమ్మదిస్తాయి, ఈస్ట్రోజెన్ పడిపోతుంది, ఎముకలు పలచబడటం మొదలవుతుంది. ముందు గర్భం, థైరాయిడ్, ప్రొలాక్టిన్ కారణం కాదని తేల్చుకోవాలి. అసలు చికిత్స తగినంత తినడం, వ్యాయామం తగ్గించడం, బరువు గురించిన భయానికి మానసిక సాయం తీసుకోవడం. మాత్రలు వేసుకుంటే వచ్చే బ్లీడింగ్ ఆ మాత్రలవల్ల వచ్చేదే. అది చూసి సమస్య తీరిపోయిందని అనుకోవద్దు.

## నెల నెలా వచ్చే మార్పులు

పీరియడ్స్‌కు వారం ముందు నేను వేరే మనిషినైపోతాను. ఇది పీఎంఎస్సా, పీఎండీడీయా?

నెలసరి ముందు రొమ్ముల్లో నొప్పి, ఉబ్బరం, కాస్త చిరాకు చాలామందికి ఉండేవే, వీటినే పీఎంఎస్ అంటారు. పనులు, సంబంధాలు దెబ్బతినేంత తీవ్రంగా ఉంటే పీఎండీడీ, అంటే నెలసరి ముందు వచ్చే తీవ్రమైన మూడ్ రుగ్మత, గురించి ఆలోచించాలి. ఇది సుమారు 3 నుంచి 8 శాతం మందిలో కనిపిస్తుందని అంచనా. 2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ దీన్ని పూర్తిస్థాయి రుగ్మతగా చేర్చింది. ఆ ప్రమాణాల ప్రకారం పీరియడ్స్‌కు ముందు వారంలో కనీసం 5 లక్షణాలు కనిపించాలి. వాటిలో ఒకటైనా మూడ్‌కు సంబంధించినది కావాలి: ఉన్నట్టుండి మూడ్ మారిపోవడం, కోపం, నిరాశ, ఆందోళన వంటివి. బ్లీడింగ్ మొదలైన కొద్ది రోజుల్లో తగ్గుముఖం పట్టి, ఆ తర్వాతి వారానికి దాదాపు పోవాలి.

దీన్ని తేల్చే రక్తపరీక్ష లేదు. కనీసం రెండు నెలలు ఏ రోజుకారోజు రాసుకోవాలి. నెలాఖరున గుర్తుచేసుకుని రాస్తే పనికిరాదు, బాధపడ్డ రోజులే గుర్తుంటాయి. పెద్ద పట్టికేమీ అక్కర్లేదు. రాత్రి పడుకునే ముందు ఒక్క వరుస చాలు. 0 అంటే లేదు, 10 అంటే భరించలేనంత. రోజుల లెక్క పీరియడ్ మొదలైన రోజు నుంచి:

9వ రోజు: చిరాకు 1, దిగులు 1, నిద్ర 7 గంటలు.
23వ రోజు: చిరాకు 7, దిగులు 6, నిద్ర 5 గంటలు. ఫోన్ మోగితేనే ఏడుపొచ్చింది.
26వ రోజు: చిరాకు 9, దిగులు 8. ఉద్యోగం మానేద్దామనిపించింది.
పీరియడ్ 3వ రోజు: చిరాకు 2, దిగులు 1. నిన్నటి గొడవ ఎందుకు పెట్టుకున్నానో అర్థం కాలేదు.

రెండు నెలలూ ఇదే తీరులో వస్తే డాక్టర్ ముందు ఈ కాగితం పెట్టండి. "నాకు కోపం ఎక్కువ" అని చెప్పడానికీ, ఇది చూపించడానికీ చాలా తేడా ఉంటుంది. 9వ రోజున కూడా దిగులు 6 ఉంటే విషయం వేరు. అప్పుడు నెలంతా ఉన్న డిప్రెషన్ ఆ వారంలో ఇంకా ముదురుతోందేమో చూడాలి.

పీఎండీడీకి మందులున్నాయా? జీవితాంతం వాడాలా?

ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి. సెరటోనిన్ మీద పనిచేసే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు డిప్రెషన్‌లో వారాల తర్వాత ఫలితం చూపిస్తే, పీఎండీడీలో చాలామందికి కొద్ది రోజుల్లోనే చూపిస్తాయి. అందుకే కొందరికి అండం విడుదలైన దగ్గర్నుంచి పీరియడ్ వచ్చేవరకే, అంటే నెలకు సుమారు రెండు వారాలే, ఇస్తారు. డ్రోస్పిరెనోన్ (ప్రొజెస్టెరాన్‌లా పనిచేసే మందు) ఉన్న గర్భనిరోధక మాత్రలు మరో దారి. ఆలోచనల తీరు మీద పనిచేసే కౌన్సెలింగ్ కూడా ఉపయోగపడుతుంది. వీటితో లొంగనివాళ్లకు అండాశయాల పనిని తాత్కాలికంగా ఆపే ఇంజెక్షన్లు నిపుణుల పర్యవేక్షణలో ఇస్తారు. ఎంతకాలం వాడాలన్నది మనిషిని బట్టి ఉంటుంది. మెనోపాజ్‌తో, అంటే పీరియడ్స్ శాశ్వతంగా ఆగిపోవడంతో, పీఎండీడీ ఆగిపోతుంది.

ఆ వారంలో చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే "పీరియడ్ వస్తే పోతుందిలే" అని ఒంటరిగా గడపకండి. నమ్మకమైన మనిషికి చెప్పండి, వెంటనే సాయం తీసుకోండి.

నాకు ముందే బైపోలార్ (మూడ్ ఒకసారి అతిగా ఎగసి, ఒకసారి కుంగిపోయే జబ్బు) ఉంది. గర్భనిరోధక మాత్రలు, నా మందులు కలిపి వాడొచ్చా?

కొన్ని మందులు ఒకదానికొకటి అడ్డుపడతాయి. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు బైపోలార్‌కు వాడే లామోట్రిజిన్ మోతాదును రక్తంలో తగ్గిస్తాయి, దాంతో మూడ్ అదుపు తప్పవచ్చు. అదే జబ్బుకు వాడే కార్బమజెపిన్ మాత్రం గర్భనిరోధక మాత్రల బలాన్నే తగ్గిస్తుంది. అదే జబ్బుకు వాడే మరో మందు వాల్‌ప్రోయేట్ కడుపులోని బిడ్డకు తీవ్రమైన హాని చేయగలదు కాబట్టి గర్భం వచ్చే వయసులో వీలైనంతవరకు దాన్ని వాడరు. గైనకాలజిస్టుకీ సైకియాట్రిస్టుకీ ఇద్దరికీ మీ మందుల చీటీ పూర్తిగా చూపించండి. ఒకరు రాసింది మరొకరికి తెలియకపోవడమే ఇక్కడ అసలు ప్రమాదం.

గర్భనిరోధక మాత్రలు డిప్రెషన్ తెస్తాయా?

ఎక్కువమందికి తేవు. కొందరికి పీరియడ్స్ ముందు చిరాకు తగ్గుతుంది కూడా. అయితే 2016లో డెన్మార్క్‌లో 10 లక్షల మందికి పైగా ఆడవాళ్ల రికార్డులు పరిశీలించినప్పుడు, హార్మోన్ గర్భనిరోధకాలు వాడేవాళ్లలో డిప్రెషన్ మందులు మొదలుపెట్టడం కొంత ఎక్కువగా కనిపించింది. టీనేజ్ అమ్మాయిల్లో ఆ తేడా పెద్దది. మాత్రలే కారణమని ఆ అధ్యయనం నిరూపించలేదు, కానీ "నాకు తేడాగా ఉంది" అన్న మాటను నమ్మడానికి అది చాలు. మొదలుపెట్టిన రెండు మూడు నెలల్లో మనసు మారిందనిపిస్తే చెప్పి మరో రకానికి మారండి. కంటి ముందు మెరుపులు, గీతలు కనిపించి ఆ తర్వాత తలనొప్పి వచ్చే మైగ్రేన్ ఉన్నవాళ్లు ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు వాడకూడదు. పక్షవాతం ముప్పు పెరుగుతుంది.

టెన్షన్ వల్ల పీరియడ్స్ ఆలస్యమవుతాయా?

అవుతాయి. ఒత్తిడి అండం విడుదలను వెనక్కి నెడుతుంది, దాంతో పీరియడ్ కూడా వెనక్కి జరుగుతుంది. గర్భం వచ్చే అవకాశముంటే మాత్రం టెన్షన్ అనుకునేలోపు ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి.

## పీసీఓఎస్, థైరాయిడ్, ప్రొలాక్టిన్

పీసీఓఎస్ వచ్చాక ఎప్పుడూ దిగులుగా ఉంటోంది. జబ్బు వల్లా, జబ్బు గురించిన ఆలోచన వల్లా?

రెండింటివల్లా కావచ్చు. పీసీఓఎస్ సుమారు పది మందిలో ఒకరికి ఉంటుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయక శరీరం దాన్ని ఎక్కువగా తయారుచేయడం, ఆ ఇన్సులిన్ అండాశయాలను పురిగొల్పి మగ హార్మోన్లను పెంచడం చాలామందిలో జరుగుతుంది. గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, జుట్టు రాలడం, బరువు, పిల్లల గురించిన భయం, వీటన్నిటి మీదా పక్కవాళ్ల మాటలు తోడవుతాయి. డిప్రెషన్, ఆందోళన వీళ్లలో ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. పీసీఓఎస్ ఉన్న ప్రతి ఒక్కరినీ మనసు గురించి కూడా అడగాలని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. మిమ్మల్ని బరువు మాత్రమే అడిగి పంపేస్తే, మనసు సంగతి మీరే ఎత్తండి.

పీసీఓఎస్ ఉంటే పిల్లలు పుట్టరా?

చాలామందికి పుడతారు. కొందరికి సహజంగానే, కొందరికి మందుల సాయంతో. ఇక్కడ అడ్డంకి అండం వేళకు విడుదల కాకపోవడమే. అందుకు ముందుగా వాడే మందు లెట్రోజోల్. బరువు ఎక్కువ ఉంటే అందులో 5 నుంచి 10 శాతం తగ్గినా కొందరిలో నెలసరి గాడిన పడుతుంది.

పిల్లలు వద్దనుకునేవాళ్లు కూడా పీరియడ్స్ రాకపోవడాన్ని వదిలేయకూడదు. నెలల తరబడి రాకపోతే గర్భసంచి లోపలి పొర మందమవుతూ పోతుంది. అది ఏళ్లతరబడి అలాగే ఉంటే క్యాన్సర్ ముప్పు ఉంది. మూడు నెలలకు మించి గ్యాప్ వస్తుంటే డాక్టరును కలిసి ఆ పొరను కాపాడే మందు గురించి అడగండి.

డిప్రెషన్ అనుకుంటే థైరాయిడ్ అని తేలింది. ఎలా?

థైరాయిడ్ తగ్గితే నీరసం, మందకొడితనం, ఏ పనీ చేయాలనిపించకపోవడం, పీరియడ్స్‌లో అధిక రక్తస్రావం. పెరిగితే గుండె దడ, ఆందోళన, నిద్రలేమి, రక్తస్రావం తగ్గడం. బయటికి అచ్చం మానసిక సమస్యలాగే కనిపిస్తాయి. కొత్తగా డిప్రెషన్ లక్షణాలు కనిపిస్తే టీఎస్‌హెచ్‌తోపాటు రక్తహీనత, ఐరన్ నిల్వలు చూపే ఫెరిటిన్ కూడా చేయించుకోవడం మంచిది. థైరాయిడ్ అదుపులోకి వచ్చాక కూడా దిగులు పోకపోతే ఆ దిగులుకు విడిగా చికిత్స కావాలి.

మానసిక సమస్యకు మందు మొదలుపెట్టాక పీరియడ్స్ ఆగాయి, రొమ్ముల నుంచి పాలు కారుతున్నాయి. ఆపేయాలా?

మీ అంతట మీరు ఆపకండి. రిస్పెరిడోన్ వంటి కొన్ని మందులు ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి. అది అండం విడుదలను అడ్డుకుంటుంది. సైకియాట్రిస్టుకు చెబితే మోతాదు తగ్గించడమో, ప్రొలాక్టిన్ పెంచని మందుకు మార్చడమో చేస్తారు. సిగ్గుపడి ఈ లక్షణాలు దాచేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి దాచకండి.

## గర్భం, కాన్పు, బాలింత

కడుపుతో ఉంటే సంతోషంగా ఉండాలంటారు. నాకు రోజూ ఏడుపొస్తోంది, తప్పు చేస్తున్నానా?

ఏ తప్పూ చేయట్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం గర్భిణుల్లో సుమారు 10 శాతం మంది, కాన్పయ్యాక 13 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో, ముఖ్యంగా డిప్రెషన్‌తో, బాధపడుతున్నారు. గర్భంలో హార్మోన్లు విపరీతంగా పెరుగుతాయి. దానికి వాంతులు, నిద్రలేమి, భయాలు తోడవుతాయి. చెకప్‌కు వెళ్లినప్పుడు బీపీ గురించి చెప్పినంత మామూలుగా దీన్ని కూడా చెప్పండి.

గర్భం అని తెలిసింది. డిప్రెషన్ మాత్రలు ఈరోజే ఆపేయాలా?

ఉన్నపళంగా ఆపకండి. జబ్బు తిరగబెడితే తల్లికీ బిడ్డకీ అదే పెద్ద ముప్పు కావచ్చు. చాలా ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులను అవసరమైతే గర్భంలో కొనసాగిస్తారు. వాల్‌ప్రోయేట్ వాడుతుంటే మాత్రం ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి. మార్చాల్సి ఉంటుంది, ఎలా మార్చాలో వాళ్లే చెప్పాలి.

కాన్పయి నాలుగు రోజులైంది, కారణం లేకుండా ఏడుపు. ఇది ఎన్నాళ్లు?

మాయ బయటికి రాగానే, గర్భంలో ఎన్నో రెట్లు పెరిగిన ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ కొద్ది రోజుల్లోనే పాతాళానికి పడిపోతాయి. జీవితంలో ఇంత వేగంగా హార్మోన్లు పడిపోయే సందర్భం మరొకటి లేదు. రెండు మూడు రోజుల్లో మొదలయ్యే ఏడుపు, చిరాకు సగానికి పైగా తల్లుల్లో ఉంటాయి. ఐదో రోజు ప్రాంతంలో ఎక్కువై, రెండు వారాల్లోపు తగ్గిపోతాయి. విశ్రాంతి, తోడు ఉంటే చాలు.

రెండు వారాలు దాటినా తగ్గకపోతే అది కాన్పు తర్వాతి డిప్రెషన్ కావచ్చు. ఏడాదిలోపు ఎప్పుడైనా మొదలవచ్చు. నేను ముఖ్యంగా అడిగే ప్రశ్న ఒకటుంది: బిడ్డ నిద్రపోయినప్పుడు మీరు నిద్రపోగలుగుతున్నారా? బిడ్డ లేపుతోంది కాబట్టి నిద్రలేదు అన్నది మామూలు బాలింత కష్టం. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండి, బిడ్డ హాయిగా పడుకుని ఉన్నా, ఊపిరి ఆడుతోందో లేదోనని పదేపదే లేచి చూడటం, ఒళ్లు అలిసిపోయినా కన్ను మూతపడకపోవడం వేరే సంగతి. బిడ్డ మీద ఏ భావమూ కలగకపోవడం, "నేను లేకపోతేనే వీళ్లు బాగుంటారు" అనిపించడం కూడా అంతే.

కాన్పు తర్వాతి డిప్రెషన్‌ను గుర్తించడానికి 1987 నుంచి వాడుకలో ఉన్న ఎడిన్‌బరో స్కేల్‌లో 10 ప్రశ్నలుంటాయి. గత 7 రోజుల గురించి అడుగుతుంది, ఐదు నిమిషాల పని. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. మొత్తం స్కోరు తక్కువున్నా ఆ ఒక్కదానికి "అవును" అంటే వెంటనే సాయం కావాలి. కౌన్సెలింగ్, మందులు రెండూ పనిచేస్తాయి. మెదడును శాంతపరిచే అల్లోప్రెగ్ననలోన్ దారిలోనే పనిచేసే జురనలోన్ అనే 14 రోజుల మాత్రల కోర్సుకు 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. థైరాయిడ్ కూడా చూపించుకోండి, కాన్పయిన ఏడాదిలో అది గతి తప్పడం మామూలే.

బాలింతకు నిద్రే లేదు, ఏవేవో మాట్లాడుతోంది, బిడ్డ తనది కాదంటోంది. ఏం చేయాలి?

ఇది ఎమర్జెన్సీ. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కాన్పు తర్వాతి సైకోసిస్ (వాస్తవానికీ భ్రమకీ తేడా తెలియని స్థితి) వెయ్యి మందిలో ఒకరిద్దరికి, ఎక్కువగా మొదటి రెండు వారాల్లో వస్తుంది. బైపోలార్ ఉన్నవాళ్లకు, గతంలో ఒకసారి వచ్చినవాళ్లకు ముప్పు చాలా ఎక్కువ. తల్లినీ బిడ్డనీ ఒంటరిగా వదలకండి. తిట్టకండి, వాదించకండి. చికిత్స చేస్తే చాలామంది పూర్తిగా కోలుకుంటారు.

బిడ్డకు పాలిస్తూ డిప్రెషన్ మందు వాడొచ్చా?

చాలావరకు వాడొచ్చు. సెర్ట్రలైన్ అనే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందు పాలల్లోకి చాలా తక్కువగా వెళ్తుంది కాబట్టి దాన్ని తరచుగా ఎంచుకుంటారు. పాలో మందో ఒక్కటే ఎంచుకోవాలని ఎవరైనా అంటే రెండో అభిప్రాయం తీసుకోండి.

పాలు దిగే ముందు ఒకటి రెండు నిమిషాలు గుండెలో ఏదో దిగులు, తర్వాత మాయం. నాకేమైంది?

పాలు చేపుకు వచ్చే క్షణంలో కొందరికి ఇలా అవుతుంది. డోపమైన్ అనే మెదడు రసాయనం ఒక్కసారిగా తగ్గడంవల్ల కావచ్చని భావిస్తున్నారు. బిడ్డ మీద ప్రేమ లేకపోవడం కాదు. దిగులు రోజంతా ఉంటే మాత్రం డిప్రెషన్ కోసం చూపించుకోండి.

## నలభై దాటాక

నాకు 44. పీరియడ్స్ వస్తూనే ఉన్నాయి. కానీ నిద్ర లేదు, ఎప్పుడూ లేని ఆందోళన. మెనోపాజ్ కాకుండానే ఇదేంటి?

మెనోపాజ్ అంటే 12 నెలలపాటు వరుసగా పీరియడ్స్ రాకపోవడం. అది సాధారణంగా 45 నుంచి 55 ఏళ్ల మధ్య వస్తుంది. కానీ దానికి కొన్నేళ్ల ముందే అండాశయాల పని అస్తవ్యస్తమవుతుంది. ఈ దశలో ఈస్ట్రోజెన్ మెట్లు దిగినట్టు నెమ్మదిగా తగ్గదు. ఒక నెల బాగా ఎక్కువ, మరో నెల బాగా తక్కువ. ఈ ఊగిసలాటే మనసును ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. అంతకుముందు డిప్రెషన్ వచ్చినవాళ్లకు, పీఎండీడీ ఉన్నవాళ్లకు, కాన్పు తర్వాత డిప్రెషన్ పడ్డవాళ్లకు ఈ దశలో తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

45 దాటి లక్షణాలుంటే ఎఫ్‌ఎస్‌హెచ్ పరీక్ష సాధారణంగా అక్కర్లేదు. అది వారానికో తీరుగా మారుతుంటుంది. నిద్ర చెడిపోవడానికి రాత్రిపూట చెమటలు కారణమా, చెమటలు లేకుండానే మెలకువ వస్తోందా అన్నది గమనించి చెప్పండి. చికిత్స దాన్నిబట్టి మారుతుంది. పీరియడ్స్ వస్తున్నంతకాలం గర్భం రావచ్చని కూడా గుర్తుంచుకోండి.

ఒళ్లంతా ఉన్నట్టుండి వేడెక్కి చెమటలు పడుతున్నాయి. హార్మోన్లు వాడకుండా తగ్గే మార్గముందా?

ఉంది. ఈస్ట్రోజెన్ తగ్గినప్పుడు హైపోథాలమస్‌లో శరీర ఉష్ణోగ్రతను చూసే నాడీకణాలు అతిగా స్పందిస్తాయి. సరిగ్గా అక్కడ పనిచేసే ఫెజోలినెటాంట్ అనే మందుకు 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. దాన్ని వాడేటప్పుడు లివర్ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. కొన్ని డిప్రెషన్ మందులు, నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్ కూడా తగ్గిస్తాయి. ఏడాదిలో పోతుందని ఓర్చుకునేవాళ్లకు ఒక మాట: అమెరికాలో ఏళ్లతరబడి సాగిన ఒక పెద్ద అధ్యయనంలో ఇవి సగం మందిలో 7 ఏళ్లకు పైగా ఉన్నాయి.

మెనోపాజ్ లక్షణాలకు హార్మోన్ థెరపీ తీసుకుంటే క్యాన్సర్ వస్తుందట కదా?

ఈ భయం 2002లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధనను మధ్యలో ఆపేసినప్పుడు మొదలైంది. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టెరాన్‌లా పనిచేసే మందు) కలిపి వాడిన వాళ్లలో 10,000 మందికి ఏడాదికి సుమారు 8 రొమ్ము క్యాన్సర్లు అదనంగా వచ్చాయి. ముప్పు నిజమే, కానీ ఆ సంఖ్య ఎంతో చూడండి. పైగా అందులో పాల్గొన్నవాళ్ల సగటు వయసు 63. గర్భసంచి తీసేసి ఈస్ట్రోజెన్ మాత్రమే వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. 60 ఏళ్లలోపు, లేదా మెనోపాజ్ వచ్చిన పదేళ్లలోపు మొదలుపెట్టే ఆరోగ్యవంతులకు, లక్షణాలు ఇబ్బంది పెడుతుంటే, లాభమే ఎక్కువన్నది ఇప్పుడు వైద్య సంఘాల మాట.

గర్భసంచి ఉన్నవాళ్లు ఈస్ట్రోజెన్‌తోపాటు ప్రొజెస్టెరాన్ రకం తప్పక వాడాలి. చర్మం మీద అతికించే ప్యాచ్, జెల్‌లో రక్తం గడ్డకట్టే ముప్పు మాత్రల కంటే తక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు సాధారణంగా ఇవ్వరు.

మాటలు గుర్తురావడం లేదు. మతిమరుపు జబ్బు మొదలైందా?

ఈ దశలో మాట నోటిదాకా వచ్చి ఆగిపోవడం, గదిలోకి ఎందుకొచ్చామో మరచిపోవడం మామూలే. నిద్రలేమి దాన్ని పెంచుతుంది. చాలామందికి తర్వాత మెరుగవుతుంది. తెలిసిన దారి తప్పిపోవడం, రోజూ చేసే పని ఎలా చేయాలో తెలియకపోవడం మాత్రం మామూలు కాదు, చూపించాలి.

నాకు 36కే పీరియడ్స్ ఆగిపోయాయి. తొందరగా వచ్చిన మెనోపాజ్ అనుకుని ఊరుకోవచ్చా?

ఊరుకోకూడదు. 40 ఏళ్లలోపు అండాశయాలు పని తగ్గిస్తే ఎముకలు, గుండె ముందుగానే దెబ్బతింటాయి, డిప్రెషన్ ముప్పు కూడా ఎక్కువ. ఇతర అడ్డంకులు లేకపోతే సహజ మెనోపాజ్ వయసు వరకు హార్మోన్లు భర్తీ చేయాలి. పెద్ద వయసులో వాడేవాళ్ల గురించి చెప్పే ముప్పులు మీకు వర్తిస్తాయనుకోవద్దు, ఇది మీ శరీరంలో ఉండాల్సినదాన్ని తిరిగివ్వడమే. అండాశయాలు అప్పుడప్పుడు మళ్లీ పనిచేస్తాయి కాబట్టి కొద్దిమందికి గర్భం కూడా వస్తుంది. పిల్లలు కావాలనుకుంటున్నా, వద్దనుకుంటున్నా ముందే ఆ సంగతి మాట్లాడుకోండి. ఈ వార్త విని దుఃఖం రావడం సహజం, దానికి కౌన్సెలింగ్ అడగడం మీ హక్కు.

పీరియడ్స్ ఆగి రెండేళ్లయింది. నిన్న కొంచెం రక్తం కనిపించింది. హార్మోన్ల తేడానా?

హార్మోన్ల తేడా అని ఇంట్లో తేల్చుకోకండి. మెనోపాజ్ తర్వాత ఒక్క చుక్క కనిపించినా గైనకాలజిస్టును కలవాలి. చాలాసార్లు యోని పొర పలచబడటమో, పాలిప్ అనే చిన్న కండ పెరుగుదలో కారణమవుతుంది, కానీ సుమారు పది మందిలో ఒకరికి గర్భసంచి పొర క్యాన్సర్ అని తేలుతుంది. స్కానింగ్‌లో పొర మందం చూసి, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. తొలి దశలో పట్టుకుంటే ఎక్కువమందికి నయమవుతుంది. ఈ వారంలోనే వెళ్లండి.